భర్త చేతిలో కాగితం, భార్య మీద శిక్ష

(విజయవాడలో స్త్రీల న్యాయ సలహా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ఇక్కడ వరకట్నం గురించి, గృహహింస చట్టం గురించి, ఆస్తి హక్కు గురించి మాట్లాడుకున్నాం. నాకు అప్పగించిన విషయం కొంచెం వేరు. అమెరికాలో ఒకసారి వీసా గడువు దాటి ఉండి తిరిగొచ్చిన స్త్రీ, తర్వాత పెళ్ళి చేసుకుని భర్త దగ్గరికి వెళ్ళడానికి దరఖాస్తు పెడితే ఏమవుతుంది అన్నది ఆ విషయం. ఇది డబ్బున్న వాళ్ళ సమస్య కదా, హక్కుల సదస్సులో దీనికేం పని అని కొందరికి అనిపించవచ్చు. కానీ కృష్ణా, గుంటూరు, ఖమ్మం, కరీంనగర్ జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు కనిపిస్తుంది. వాళ్ళలో పొలం అమ్మి కట్నం ఇచ్చినవాళ్ళు, అప్పు చేసి పంపినవాళ్ళు చాలామంది. అక్కడ కాపురం చెడి తిరిగొచ్చిన ఆడపిల్లలు కొందరు మా సలహా కేంద్రానికి వస్తారు. వాళ్ళ కాగితాలు తిరగేస్తూ నేను తెలుసుకున్నదే ఇవాళ మీతో చెప్పుకుంటాను.

ముందు ఆధారపడటం గురించి చెప్పాలి. హెచ్-1బి వీసా మీద ఉద్యోగానికి వెళ్ళినవాడి భార్యకు ఇచ్చేది హెచ్-4 వీసా. దాన్ని అందరూ డిపెండెంట్ వీసా అంటారు. డిపెండెంట్ అంటే ఆధారపడిన మనిషి. ఇది ఉత్తమాట కాదు, అక్షరాలా నిజం. 2015 మే నెల దాకా హెచ్-4 మీద ఉన్న స్త్రీ ఎంత చదువుకున్నా ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఆ తర్వాత కూడా, భర్త గ్రీన్ కార్డు దారిలో కొంత దూరం నడిచి ఉంటేనే ఆమెకు పని అనుమతి. భర్త ఉద్యోగం పోతే ఆమె హోదా పోతుంది. విడాకులు మంజూరైతే ఆమె హెచ్-4 హోదా పోతుంది. ఉద్యోగం పోయిన వాళ్ళకూ వాళ్ళ మీద ఆధారపడిన వాళ్ళకూ 60 రోజుల దాకా వ్యవధి ఇచ్చే నిబంధన 2017 జనవరిలో వచ్చింది. భర్త తన ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పకపోతే ఆ 60 రోజులూ ఆమెకు తెలియకుండానే గడిచిపోతాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాస్‌పోర్టులో అంటించిన వీసా మీద ఉండే తేదీ దేశంలోకి రావడానికి పనికొచ్చే తేదీ. ఎన్నాళ్ళు ఉండవచ్చో చెప్పేది అది కాదు. అది చెప్పేది ఐ-94 అనే రికార్డు. ఒకప్పుడు విమానాశ్రయంలో చిన్న తెల్ల కాగితం పాస్‌పోర్టుకు పిన్ను కొట్టి ఇచ్చేవారు. 2013 నుంచి విమానంలో వచ్చేవాళ్ళకు అది కంప్యూటర్లోనే ఉంటోంది. ఎవరికి వాళ్ళు తీసి చూసుకోవాలి. భర్త గడువు పొడిగించమని కంపెనీ దరఖాస్తు పెడుతుంది. భార్య గడువు దానితోపాటు దానంతటదే పెరగదు. ఆమె పేరున ఐ-539 అనే ఫారం వేరుగా పెట్టాలి. ఆ ఫారం పెట్టారో లేదో ఎంతమంది భార్యలకు తెలుసు? పాస్‌పోర్టులు ఎక్కడుంటాయి? భర్త బీరువాలో ఉంటాయి.

మా దగ్గరికి వచ్చిన ఒకామె సంగతి చెబుతాను. ఆమె అనుమతితో, గుర్తు పట్టడానికి వీల్లేకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. పెళ్ళయిన మూడో నెలలో హెచ్-4 మీద వెళ్ళింది. 2016లో భర్త కంపెనీ అతని గడువు పొడిగించింది. ఆమె ఫారం అతను పెట్టలేదు. పెట్టాననే చెప్పాడు. కొన్నాళ్ళకు ఇద్దరికీ పడకుండా పోయింది. "నీకు వీసా లేదు, పోలీసుల్ని పిలిస్తే నిన్నే పట్టుకెళ్తారు" అన్నాడు. ఆ మాట విన్నాకే ఆమెకు సంగతి తెలిసింది. తిండి పెట్టిన స్నేహితురాలి ఇంట్లో కొన్ని నెలలుండి, 2017 డిసెంబరులో ఇండియాకు తిరిగొచ్చింది. గడువు దాటి ఆమె అక్కడ ఉన్నది 14 నెలలు. ఇక్కడ కోర్టులో విడాకులు తీసుకుంది. 2021లో మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఈసారి భర్త అమెరికా పౌరుడు. అతను భార్య కోసం పిటిషన్ వేశాడు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1996 సెప్టెంబరు 30న అమెరికాలో ఒక వలస చట్టం వచ్చింది. దాని ప్రకారం 1997 ఏప్రిల్ 1 నుంచి చట్టవిరుద్ధంగా ఉన్న రోజులు లెక్కపెడుతున్నారు. ఒకే విడతలో 180 రోజులు మించి, ఏడాదిలోపు ఉండి, తనంతట తాను దేశం విడిచి వెళ్తే 3 ఏళ్ళు తిరిగి రాకూడదు. ఏడాది లేక అంతకు మించి ఉండి వెళ్తే 10 ఏళ్ళు రాకూడదు. ఈ నిషేధం మొదలయ్యేది గడువు దాటిన రోజున కాదు, దేశం విడిచిన రోజున. మనం చెప్పుకున్న ఆమె 14 నెలలు ఉంది కాబట్టి ఆమెకు 10 ఏళ్ళు, అంటే 2027 డిసెంబరు దాకా. ఫారం పెట్టనివాడికి ఏ నిషేధమూ లేదు. అతను అక్కడే ఉద్యోగం చేసుకుంటున్నాడు.

ఈ లెక్కలో కొన్ని మెలికలున్నాయి. భయంతో చాలామంది ఎక్కువ లెక్కపెట్టుకుంటారు కనుక వాటిని విడిగా చెబుతాను. 180 రోజులు దాటకపోతే ఈ 3 ఏళ్ళ, 10 ఏళ్ళ నిషేధాలు అసలే లేవు. కాకపోతే గడువు ఒక్కరోజు దాటినా పాత వీసా రద్దవుతుంది. కొత్త వీసాకు సాధారణంగా స్వదేశంలోనే దరఖాస్తు పెట్టాలి. 18 ఏళ్ళు నిండకముందు గడిపిన రోజులు లెక్కలోకి రావు. గడువులోగా పొడిగింపు దరఖాస్తు పెట్టి, అనుమతి లేని పని చెయ్యకుండా ఉంటే, అది పెండింగులో ఉన్న రోజులు మామూలుగా లెక్కలోకి రావు. హోదా పోవడం వేరు, ఈ రోజుల లెక్క మొదలవడం వేరు. భర్త ఉద్యోగం మార్చిలో పోయి, భార్య ఐ-94 సెప్టెంబరు దాకా ఉంటే, ప్రభుత్వం ఈలోగా ప్రత్యేకంగా తేల్చి చెప్పకపోతే, నిషేధానికి లెక్కపెట్టే రోజులు సెప్టెంబరు తర్వాతే మొదలవుతాయి. చివరిగా, ఆ 3 ఏళ్ళు గానీ 10 ఏళ్ళు గానీ ఇండియాలో గడిపేస్తే ఆ నిషేధం తీరిపోతుంది. అంటే ఈ శిక్షకు ఒక చివర ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు రెండో ఆమె సంగతి. ఈమె సందర్శకుల వీసా మీద అక్క పురిటికి వెళ్ళింది. ఆరు నెలలకు అనుమతి ఇచ్చారు. బిడ్డకు ఒంట్లో బాగాలేక ఇంకో నాలుగు నెలలు ఉండిపోయింది. 180 రోజులు దాటలేదు కాబట్టి ఆమెకు 3 ఏళ్ళ నిషేధం కూడా లేదు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ సందర్శకుల వీసాకు దరఖాస్తు పెట్టింది. ఆ డీఎస్-160 ఫారంలో ఒక ప్రశ్న సూటిగా ఉంటుంది. ఎప్పుడైనా అమెరికాలో గడువు దాటి ఉన్నారా అని. ఫారం నింపిన కన్సల్టెన్సీ మనిషి "లేదని పెడదామమ్మా, అంత పాతది ఎవరు చూస్తారు" అన్నాడు. ఈమె సరేనంది. ఆ వీసా రాలేదు. తర్వాత పెళ్ళయింది. భర్త పిటిషన్ మంజూరై భార్య వీసా ఇంటర్వ్యూకి వెళ్ళింది. అధికారి ఆ పాత ఫారం తీసి చూపించి, ఇది మీ సంతకమేనా అని అడిగాడు. కంప్యూటర్లో నొక్కిన బటన్ కూడా సంతకమే. వీసా కోసం ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పారని తేల్చారు. ఆ నిషేధానికి 3 ఏళ్ళు లేవు, 10 ఏళ్ళు లేవు. అది జీవితాంతం.

ఈ రెండు కాగితాల కట్టలూ పక్కపక్కన పెట్టి చూడండి. 14 నెలలు ఉండి నిజం చెప్పినామెకు 10 ఏళ్ళు. నాలుగు నెలలు ఉండి అబద్ధం చెప్పినామెకు యావజ్జీవం. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ తేడాలోనే ఉంది. గడువు దాటడం కొలవగలిగిన తప్పు. దాన్ని దాచడం కొలత లేని తప్పు. విమానం ఎక్కినప్పుడూ దిగినప్పుడూ వేసిన తేదీలు వాళ్ళ కంప్యూటర్లలో ఉంటాయి. దాస్తే దాగేవి కావు.

మరి మన ఆడవాళ్ళు ఎందుకు దాస్తున్నారు? కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పినందుకు మాత్రమే కాదు. మన ఇళ్ళలోనే ఆ అబద్ధానికి పునాది పడుతోంది. కూతురు కాపురం వదిలి వచ్చిందని తెలిస్తే పరువు పోతుందని తల్లిదండ్రులు దాస్తారు. "సెలవుకు వచ్చిందండీ" అంటారు. రెండో సంబంధం చూసేటప్పుడు మొదటి పెళ్ళి సంగతి సగమే చెబుతారు. ఒక్కొక్కచోట కోర్టుకెళ్తే అల్లరవుతుందని పెద్దమనుషుల మధ్య స్టాంపు కాగితం మీద విడాకులు రాయిస్తారు. ఆ తర్వాత వీసా ఫారంలో పాత పెళ్ళిళ్ళన్నీ రాయమని అడుగుతారు. డిక్రీ పెట్టమంటారు. స్టాంపు కాగితం పెడితే మీ కులాచారంలో అలాంటి విడాకులు చెల్లుతాయని రుజువు చేసుకునే భారం మీ మీదే పడుతుంది. మొదటి పెళ్ళి దాచిన ఇంట్లో ఆ పెళ్ళి వల్ల జరిగిన ఓవర్‌స్టే కూడా దాచాల్సి వస్తుంది. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం కాపలా. కుటుంబం పరువు నిలబడుతుంది, శిక్ష మాత్రం అమ్మాయి అనుభవిస్తుంది.

నిజం చెప్పిన మొదటి ఆమె దగ్గరికి వస్తాను. 10 ఏళ్ళు పూర్తయ్యేదాకా కూర్చోవడమేనా? కాదు. మినహాయింపు అడగవచ్చు. ఐ-601 అనే ఫారం ఉంది. అబద్ధం చెప్పిన వాళ్ళకు కూడా ఇలాంటి మినహాయింపు అడిగే దారి ఒకటుంది, కానీ ఆ దారి మరీ ఇరుకు. అక్రమంగా ఉన్నవాళ్ళు అమెరికాలోనే ఉండి, వీసా ఇంటర్వ్యూకి బయలుదేరకముందే మినహాయింపు అడిగే ఏర్పాటు 2013 మార్చిలో వచ్చింది. 2016 ఆగస్టులో దాన్ని ఇంకొంతమందికి విస్తరించారు. దేనికైనా షరతు ఒకటే. ఆమెను రానివ్వకపోతే అమెరికా పౌరుడో గ్రీన్ కార్డుదారో అయిన భర్తకు గానీ, అలాంటి తల్లికి గానీ తండ్రికి గానీ అసాధారణమైన కష్టం కలుగుతుందని చూపించాలి. విడిపోయి ఉంటే బాధగా ఉంటుందని రాస్తే చాలదు, అది అందరికీ ఉండేదే అంటారు. అతను ఆమె లేకుండా అక్కడ ఉంటే వచ్చే కష్టం, ఆమె కోసం ఇక్కడికి వచ్చేస్తే వచ్చే కష్టం, రెండూ చూపిస్తే మంచిది. ఆమె భర్త వాళ్ళమ్మకు పక్షవాతం. ఆమెను చూసుకునే మనిషి ఇతనొక్కడే. డాక్టరు ఉత్తరాలు, ఇంటి అప్పు కాగితాలు, అతని జీతం రసీదులు, అతని ఆరోగ్యం రిపోర్టులు అన్నీ పోగుచేశాం.

అప్పుడు ఆమె నన్నొక మాట అడిగింది. "మేడమ్, నేను పడిందంతా ఎక్కడ రాయాలి?" అని. మోసపోయి గడువు దాటిందామె. బెదిరింపులు పడిందామె. ఇక్కడ పుట్టింట్లో మాటలు పడుతూ ఒంటరిగా బిడ్డను కన్నదామె. చట్టంలో ఆ కష్టానికి గడి లేదు. బిడ్డ కష్టానికి కూడా విడిగా గడి లేదు. అవి భర్తను ఎంత బాధిస్తున్నాయో, అంతమేరకే లెక్కలోకి వస్తాయి. ఆమె ఏడిస్తే ఆ ఏడుపు విని అతనికి నిద్ర పట్టడం లేదని రాయాలి. మొదట భర్త కాగితం పెట్టకపోవడంతో ఆమె తప్పుచేసినదైంది. ఇప్పుడు ఇంకో భర్త కష్టం చూపిస్తేనే ఆమెకు క్షమాపణ. రెండుచోట్లా ఆమె తనంతట తాను ఒక మనిషిగా కనబడదు. పితృస్వామ్యం అంటే మన అత్తవారింట్లో ఉండేది మాత్రమే అనుకోకండి. అది అభివృద్ధి చెందిన దేశపు చట్టం గడుల్లో కూడా ఉంటుంది. ఆమెకు మినహాయింపు దొరికింది. రెండేళ్ళకు పైగా పట్టింది. ఆ రెండేళ్ళూ బిడ్డ తండ్రిని ఫోనులోనే చూసింది.

హింస పడిన స్త్రీలకు ప్రత్యేక రక్షణ లేదా అని మీరు అడుగుతారు. ఉంది, కానీ సగమే ఉంది. 1994లో అక్కడ స్త్రీల మీద హింసకు వ్యతిరేకంగా ఒక చట్టం వచ్చింది. అమెరికా పౌరుడో గ్రీన్ కార్డుదారో అయిన భర్త హింసిస్తే, భార్య అతనితో పనిలేకుండా తన పిటిషన్ తానే వేసుకోవచ్చు. ఆ హింసకూ గడువు దాటడానికీ బలమైన సంబంధం ఉందని చూపిస్తే 3 ఏళ్ళ, 10 ఏళ్ళ నిషేధం ఆమెకు వర్తించదు. కానీ మన అమ్మాయిల్లో ఎక్కువమంది భర్తలు పౌరులు కారు, హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు. వాళ్ళ భార్యలకు ఈ తలుపు తెరుచుకోదు. హెచ్-4 మీద ఉండి హింస పడుతున్న స్త్రీలకు పని అనుమతి ఇవ్వాలని తర్వాత చట్టంలో చేర్చారు. నేరానికి గురై పోలీసులకు సహకరించిన వాళ్ళకు 2000లో యు వీసా అనేది వచ్చింది, దానికి ఏడాదికి 10,000 అని పరిమితి. అడిగేవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు. కొట్టినవాడి చేతిలో ఏ కార్డు ఉందన్నదాన్ని బట్టి దెబ్బలు తిన్న మనిషి హక్కు నిర్ణయమవుతోంది. మనం ప్రశ్నించాల్సింది దీన్ని.

ఇప్పుడు అక్కడే ఉండిపోయిన వాళ్ళ గురించి. ఇక్కడున్న తల్లులు ఇది జాగ్రత్తగా వినాలి. సరైన వీసాతో దేశంలోకి వచ్చి, గడువు దాటి, అమెరికా పౌరుణ్ణి పెళ్ళి చేసుకున్న స్త్రీ దేశం విడవకుండా అక్కడే గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు దాటినా ఆమెకు ఆ దారి ఉంది. భర్త గ్రీన్ కార్డుదారు మాత్రమే అయితే ఆ దారి సాధారణంగా ఉండదు. ఆ దరఖాస్తు పెట్టుకున్న అమ్మాయికి "నాన్నకు బాగాలేదు, ఒక్కసారి వచ్చి చూసిపో" అని ఫోను చేస్తాం. ముందస్తు అనుమతి లేకుండా ఆమె విమానం ఎక్కితే దరఖాస్తు వదులుకున్నట్టే. ఏడాది దాటి ఉన్నదైతే ఆ ప్రయాణంతోనే 10 ఏళ్ళ నిషేధం మొదలవుతుంది. అడ్వాన్స్ పెరోల్ అనే ఆ ముందస్తు అనుమతి తీసుకుని వెళ్తే ఈ నిషేధం తగలదని 2012లో అక్కడి ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు తీర్పిచ్చింది. ఆ కేసు వృద్ధులైన తల్లిదండ్రుల్ని చూడడానికి వచ్చిన మన దేశపు దంపతులదే. అయినా పెరోల్ చేతిలో ఉన్నంత మాత్రాన తిరిగి రానిస్తారన్న హామీ లేదు, లాయరును అడగకుండా కదలకూడదు. పిటిషన్ వేసినంత మాత్రాన హోదా రాదని, పంపించివెయ్యకుండా అది అడ్డుకోదని 2025 ఆగస్టులో అక్కడి వలస శాఖ మళ్ళీ స్పష్టంగా చెప్పింది. మీ కన్నీళ్ళు చూసి ఆమె పరుగెత్తుకు రాకూడదు. ముందు ఆమె పరిస్థితి ఏమిటో అడగండి.

పౌరుడైన భర్త ఉన్నాడు కదా, కోర్టుకెళ్తే ఇస్తారులే అనుకునే వాళ్ళు కూడా ఉన్నారు. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు మున్యోజ్ కేసులో తీర్పు చెప్పింది. ఆమె అమెరికా పౌరురాలు. ఆమె భర్త ఎల్ సాల్వడార్ దేశస్థుడు, వీసా ఇంటర్వ్యూకి సొంత దేశం వెళ్ళాడు, వీసా నిరాకరించారు. విదేశీయుడైన భర్తను దేశంలోకి రప్పించుకునే ప్రాథమిక హక్కు పౌరురాలికి రాజ్యాంగంలో లేదని కోర్టు తేల్చింది. అంటే కాన్సులేట్ కిటికీ దగ్గర కాదన్నాక కోర్టు గుమ్మం దాదాపు మూసుకున్నట్టే. కాబట్టి ఆ కిటికీ దగ్గరికి వెళ్ళకముందే మన కాగితం నికార్సుగా ఉండాలి.

అందుకని చెయ్యవలసిన పనులు చెబుతాను. పెళ్ళయి వెళ్తున్న ప్రతి అమ్మాయి పాస్‌పోర్టు, ఐ-94, వీసా మంజూరు కాగితాల నకళ్ళు తన దగ్గర ఒకటి, పుట్టింట్లో ఒకటి ఉంచాలి. ఐ-94 తేదీ క్యాలెండరు మీద రాసుకోవాలి. మళ్ళీ దరఖాస్తు పెట్టేవాళ్ళు తేదీలు జ్ఞాపకం మీద రాయకూడదు. మనకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నట్టే అక్కడ 1966 నుంచి అలాంటి చట్టం ఉంది. ఇండియాలో ఉండి కూడా మన ఫైలు మనం తెప్పించుకోవచ్చు. ఫారం ఎవరు నింపినా ప్రతి ప్రశ్నా తెలుగులో చెప్పించుకుని, జవాబు మీరే ఇవ్వండి. ఎందుకు గడువు దాటిందో జరిగింది జరిగినట్టు రాయండి. బెదిరించిన సందేశాలు, ఆశ్రయమిచ్చిన స్నేహితురాలి ఉత్తరం, వైద్యుడి చీటీ పారెయ్యకండి. ముందు ఫారంలో తప్పు రాశారని తెలిస్తే, అధికారి పట్టుకోకముందే మీరే చెప్పి సరిదిద్దుకోండి. మామూలు ఏజెంటుకు లాయరుకు ఉండే బాధ్యత ఉండదు, ఇమ్మిగ్రేషన్ కేసులు చూసే లాయరుకే కాగితాలు చూపించండి.

ఇవి ఒక్కొక్కరు చేసుకునే జాగ్రత్తలు. సంఘాలుగా మనం చెయ్యవలసినవి కూడా ఉన్నాయి. తిరిగొచ్చిన కూతుర్ని దాచిపెట్టే అలవాటు మీద ఊళ్ళల్లో మాట్లాడాలి. ఆమె దాక్కోవాల్సిన మనిషి కాదని పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, అందరూ వినేటట్టు చెప్పాలి. ఎన్నారై సంబంధం కుదుర్చుకునేటప్పుడు జీతమెంత అని అడిగే నోరు, అమ్మాయి కాగితాలు ఎవరి పేరున, ఎవరి చేతిలో ఉంటాయని కూడా అడగాలి. ఆధారపడిన భార్యకు ఆమె హోదా గురించి నేరుగా ఆమెకే తెలియజెయ్యాలని, హింసకు గురైన హెచ్-4 భార్యకు కూడా ఆ నిషేధం నుంచి మినహాయింపు ఉండాలని, మినహాయింపు లెక్కలో ఆమె కష్టం కూడా కష్టమేనని, అక్కడి మన స్త్రీల సంఘాలతో కలిసి అడగాలి.

ఈ మధ్య ఒకమ్మాయి, "మేడమ్, నిజం చెబితే పదేళ్ళు పోతాయి కదా" అంది. పోవచ్చు అన్నాను. కానీ ఆ పదేళ్ళకు తేదీ ఉంది, దాన్ని తగ్గించమని అడిగే హక్కు ఉంది. అబద్ధం చెప్పిస్తే ఆ తేదీ కూడా ఉండదు. ఎవరో పెట్టని కాగితం వల్ల మీ పేరున పడిన రోజులు అవి. వాటి కథ మీ నోటితో మీరే చెప్పండి. కన్సల్టెన్సీ వాడికి గానీ, పరువు కోసం తాపత్రయపడే బంధువులకు గానీ ఆ పని అప్పజెప్పకండి.